వీసా నాడీశాస్త్రము

రోగమేదో తేల్చుటకు వైద్యులకు రక్తపరీక్షలు, స్కానింగులు, బయాప్సీలు కావలసియుండగా, అద్దపు కిటికీ కావల గూర్చుండి, నాడి ముట్టక, నాలుక చూడక, రెండు మూడు ప్రశ్నలతో మనుష్యుని హృదయాంతరమున దాగిన ఉద్దేశమునే పట్టగల ధన్వంతరులు కొందరు కలరు. వారే వీసాధికారులు. తిరుపతి నుండియో, చిత్తూరు నుండియో విదేశ వైద్యమునకు బయలుదేరదలచిన రోగి ముందుగా దర్శింపవలసినది వీరినే.

వీరి శాస్త్రమునకు మూలసూత్రము 1952 నాటి అమెరికా వలసచట్టమందలి 214(బి). దాని ప్రకారము, చూచి పోవుదునని వచ్చిన ప్రతివాడును, కాదని తాను నిరూపించుకొనువరకు, అచ్చటనే స్థిరపడ దలచినవాడు. వైద్యమునకని వేరు వీసా లేదు. డిస్నీలాండు చూడబోవువానికిని, గుండె కోయించుకొన బోవువానికిని ఒక్కటే బి-2. ఇచ్చటి వైద్యుడు రోగమును, అచ్చటికే పోవలసిన కారణమును వ్రాయవలెను. అచ్చటి వైద్యుడు చికిత్సకు సమ్మతించి, పట్టు కాలమును, అగు వ్యయమును తెలుపవలెను. ఆ వ్యయమును భరింపగల ధనమున్నదని బ్యాంకు పలుకవలెను. అనగా రోగము ఇచ్చట కుదరనంతటిదియు, అచ్చట గడువులోపల కుదిరితీరునంతటిదియు కావలెను; రోగికి బ్రదుకుపై తీపి సముద్రములు దాటించునంత యుండవలెను గాని, దాటిన చోట బ్రదుకుదమనిపించునంత యుండరాదు. హిరణ్యకశిపుడు కోరిన వరమునందు సైతము ఇన్ని మెలికలు లేవు.

ఆంగ్లేయుల పద్ధతి మరింత రమ్యము. చికిత్సకై ఆరు నెలలకు మించి తమ దేశమున నుండదలచిన భారతీయుడు తనకు క్షయ లేదని ధ్రువపత్రము చూపవలెను. వారి యేలుబడిలోనే, 1915లో, నాటి చిత్తూరు జిల్లా మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగుల శానిటోరియము వెలసినపుడు, దానిని నడుపుటకు డెన్మార్కు దేశస్థుడైన ఫ్రిమాట్ మోలర్ దొర వచ్చెను. వైద్యుడు రోగమున్న చోటు వెదకికొని వచ్చిన కాలమది. రోగి రోగము లేదని వ్రాయించుకొని వైద్యుని కడకు పోవు కాలమిది. దీనినే పురోగతి యందురు.

ఇక స్వదేశ బంధములకు సాక్ష్యము చూపవలెనట: ఇల్లు, పొలము, ఉద్యోగము. 1984లో హృదయ శస్త్రచికిత్సకై అమెరికా కేగిన నందమూరి తారక రామారావుగారి కంటె గట్టి బంధమున్నవాడెవడు? రాష్ట్ర ముఖ్యమంత్రిత్వమే ఆయన యుద్యోగము. ఆయన తిరిగి వచ్చెను. వచ్చిన కొలది దినములకే, ఆగస్టు 16న, ఆ యుద్యోగము పోయెను! నెల తిరుగునప్పటికి ప్రజాందోళనము దానిని మరల నిప్పించినదనుట వేరు మాట. కావున ఉద్యోగము మనిషిని రప్పించునను సిద్ధాంతమునకు ఆధారమెంతయో తెలియుచునే యున్నది. ఆయన సంకల్పముతో తిరుపతిలో వెలసి, 1993లో ఆరంభమైన స్విమ్స్ ఆసుపత్రిని మాత్రము ఏ వీసా ఫారమునందును బంధముగా వ్రాయుటకు గడి లేదు.

ఏడుకొండలవాని పాదముల చెంత నివసించువారు సైతము వీసాకై హైదరాబాదు చేరువనున్న చిలుకూరు బాలాజీకి మొక్కి, పదునొకండు ప్రదక్షిణములు చేసి, పని యైనచో నూట యెనిమిది చేయుదురు. ఆ స్వామికి హుండీ లేదు. అమెరికా కాన్సులేటు వారికి కలదు. అందు వేయవలసినది 185 డాలర్లు, కోరిక తీరకున్నను తిరిగి రాదు.

పరులనననేల? ఢాకా నుండి వచ్చి కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీకి పోవు బంగ్లాదేశ రోగులు, చిత్తూరికి కూతవేటు దూరమున, మన కన్నుల యెదుటనే కలరు. వారి దేశమున ప్రభుత్వము మారిన 2024 ఆగస్టు పిమ్మట మన ప్రభుత్వము వారికి వీసాలను బిగించినపుడు, రోగము రాజకీయము తేలువరకు వేచియుండునని మనమును నమ్మితిమి.

కావున ఈ శాస్త్రమును మన ఆసుపత్రులయందును ప్రవేశపెట్టుట మేలు. గడప త్రొక్కిన ప్రతివాడును, కాదని నిరూపించుకొనువరకు, ఆరోగ్యవంతుడే యని శాసనము చేయుదము. వార్డులు ఖాళీయగును, ఆరోగ్యశ్రీకి చిల్లిగవ్వ ఖర్చుండదు, నిరూపించుకొనలేనివారు ఇంటికి పోయి చత్తురు, వారికి స్వదేశముతో విడరాని బంధము కలదనుటకు అంతకు మించిన సాక్ష్యమును ఏ కాన్సులేటును కోరజాలదు.