టమాటా టైమర్

పని వాయిదా రోగానికి 1980ల చివర్లో ఇటలీ విద్యార్థి ఫ్రాన్సెస్కో చిరిల్లో వంటింటి టమాటా గడియారంతో మందు కనిపెట్టాడు. 25 నిమిషాలు పని, ఆపై చిన్న విరామం. ఇప్పుడది యాప్. డొంకరాయి జలవిద్యుత్ కేంద్రానిదీ 25 లెక్కే, కాకపోతే మెగావాట్లు! సీలేరు నీళ్లు అక్కడ టర్బైన్ తిప్పి, కాలువ పట్టుకుని పొల్లూరు వెళ్లి మళ్లీ పనిచేస్తాయి. (మధ్యలో రీల్స్ చూడవు.) మనకేమో జాబితాకు రంగులద్దేసరికే భోజనాల వేళ. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఫైళ్ల వేగాన్ని బట్టి మంత్రులకే ర్యాంకులిచ్చారు: ముఖ్యమంత్రికి ఆరు, ఉపముఖ్యమంత్రికి పది. కొండ దిగొచ్చిన అర్జీదారుకు మాత్రం ఒకటే జవాబు: ‘‘సర్వర్ డౌన్, రేపు రండి.’’ ఆ రేపటికి టైమర్ పెట్టే యాప్ ఉంటే చెప్పండి, డౌన్‌లోడ్ చేసుకుంటాం.