నా వాటా తొమ్మిది కిలోమీటర్లే

కాగితం మీద చూస్తే అందరికంటే తక్కువ దూరం నాదే. పూతలపట్టులో మా ఇంటి గడప నుంచి గాదంకి దాకా ఉన్న రోడ్డును మా తమ్ముడూ బామ్మర్దీ పంచుకున్నారు. గాదంకి నుంచి చంద్రగిరి మేనల్లుడిది. చంద్రగిరి నుంచి తొండవాడ మీదుగా తిరుపతి దాటుకుని అలిపిరి దాకా మా ఆవిడది. అందరికీ పదికి పైనే పడ్డాయి. అలిపిరి నుంచి తిరుమలకు తొమ్మిదే. జీతమంతా లెక్కలు చెప్పి సంపాదించినవాణ్ణి, అయిదు అంకెల్లో చిన్నదేదో నాకొకరు చెప్పాలా? "మీరంతా అలిసిపోయి ఉంటారు, ఆఖరుది నాకొదిలేయండి" అని త్యాగమూర్తి మొహం పెట్టి దాని మీద వేలు పెట్టేశాను. ఆ తొమ్మిదిలో 3,550 మెట్లున్నాయని తెలుసు. మెట్టెంత, జానెడు! జానెడు ఎక్కలేనా అనుకున్నాను. తిరుమల సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్ల పైన ఉందన్న సంగతి మాత్రం, మార్కులు లేని ప్రశ్నలా, వదిలేశాను.

అసలు మొక్కు నాది కాదు. మా ఆవిడది. కాళ్ళు మాత్రం నావి. అబ్బోడికి ఉద్యోగమొస్తే "మా ఇంటాయన ఇంటికాడి నుంచి నడిచొస్తాడు సామీ" అని ఆమె దేవుడితో ఒప్పందం చేసుకుంది. మా వైపు ఇల్లాళ్ళ మొక్కులు ఇట్లాగే ఉంటాయి. గుండు మొగుడిది, పొర్లుదండాలు కొడుకువి, పుణ్యం ఇంటిల్లిపాదిదీ. ఒప్పందం మీద నా సంతకం లేదని వాదించాను. "సామిని అడగండి పోయి, నడిచి పోయి అడగండి" అనింది.

అప్పుడే సెలవుకు వచ్చాడు మేనల్లుడు, అమెరికాలో ఆరెగాన్ నుంచి. వాడక్కడ హుడ్ టు కోస్ట్ అనే రిలేలో పరిగెత్తాడట. 1982లో మొదలైన పందెం. మౌంట్ హుడ్ కొండ మీద ఆరువేల అడుగుల ఎత్తున బయలుదేరి పసిఫిక్ సముద్రం ఒడ్డు దాకా, మూడు వందల కిలోమీటర్ల పైన. జట్టుకు పన్నెండు మంది, రెండు వ్యాన్లు, ముప్పయ్యారు వంతులు. ఒకరు పరిగెత్తుతుంటే మిగతావాళ్ళు వ్యాన్లో కునుకు తీస్తారు. రాత్రి వంతు వచ్చినవాడు నుదుటికి లైటు, ఒంటికి మెరిసే కోటు తగిలించుకుని చీకట్లో ఒక్కడే పోవాలి. ఇదంతా వింటుంటే నాకు నచ్చిన ముక్క ఒకటే: వ్యాన్లో కునుకు.

"మామా, మొక్కును కూడా రిలే చేసేద్దాం" అన్నాడు వాడు. జపాన్లో ఇంకోటి ఉందట. టోక్యో నుంచి హకోనే దాకా పోయి, మళ్ళీ వెనక్కి, కాలేజీ పిల్లలు రెండు రోజులు పరిగెత్తే పందెం, 1920 నుంచీ ఉంది. చేతికర్ర బదులు భుజానికి అడ్డంగా వేసుకున్న గుడ్డపట్టీని ఒకరి నుంచి ఒకరు అందుకుంటారు. అయిదో వంతు కొండెక్కేది, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. మంచి పిల్లోడైతే గంటా పది నిమిషాలకు అటూ ఇటుగా ఎక్కేస్తాడు. అందులో మొనగాణ్ణి అక్కడ 'కొండ దేవుడు' అంటారట. మా అత్త అంతా విని, "మన కొండకు దేవుడుండాడు గదప్పా, ఇంగొకడెందుకు?" అనింది.

ఆమే తీర్పు కూడా చెప్పింది. పసుపుగుడ్డలో కట్టిన ముడుపు నేలకు తగలకుండా చేతులు మారితే మొక్కు చెల్లినట్టేనట. జపాన్ వాళ్ళ గుడ్డపట్టీ మా ఇంట్లో ముడుపైంది. మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు, కాదనలేదు. "కొండ మీద వంతు ఆయన ఎక్కితే చాలు" అనింది. ఆ మాటలో ఉన్న మెలిక నాకప్పుడు తోచలేదు.

పురటాసి నెలలో పెట్టుకున్నాం. ఆ నెలలో మా రోడ్డు నిండా తమిళ భక్తులే, పసుపుబట్టలతో, చాలామంది వట్టికాళ్ళతో, గోవిందా అంటూ తిరుపతి వైపు పోతుంటారు. వాళ్ళ నడుమ మా తమ్ముడు టోపీ, కూలింగ్ గ్లాసులతో పోతుంటే, ఒక ముసలాయన ఎంత దూరమని అడిగాడట. తన వంతెంతో చెప్పడానికి వాడికి నోరు రాలేదు. నేను మాత్రం వ్యాన్లో కునుకు తీశాను. ఆ మాటకొస్తే ఆ రోజు నేను శాస్త్రోక్తంగా చేసిన పని అదొక్కటే.

చీకటిపడే వేళకు మా ఆవిడ అలిపిరి చేరింది. ముడుపు నా చేతికిచ్చింది. మేనల్లుడు ఇచ్చిన నారింజరంగు పరుగు బూట్లు చూసి, "అవి విడవండి" అనింది. నుదుటి లైటు చూసి ఏమీ అనలేదు. మెట్లదారిలో పైన కప్పూ, వరసగా దీపాలూ ఉంటాయి కాబట్టి, నేనొక్కణ్ణే గనిలో దిగబోయేవాడిలా కనిపించాను. మిగతావాళ్ళు వ్యాన్లో ఘాట్ రోడ్డెక్కి పోయారు. 1944లో ఆ మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా కొండెక్కాలంటే కాళ్ళే, లేకపోతే డోలీ. నేను పుట్టింది దాని తర్వాతే అయినా ఆ రాత్రికి లాభం లేకపోయింది. మా ఆవిడ వ్యానెక్కలేదు. "వంతు మీది, తోడు నాది" అని కొంగు దోపుకుంది. చంద్రగిరి నుంచి నడిచొచ్చిన మనిషి!

తలయేరు గుండు మొదట్లోనే వస్తుంది. ఆ బండకు తలా మోకాళ్ళూ ఆనిస్తే నొప్పులు రావని నమ్మకం. ఆనించాను. అక్కడ కాస్త ఆలస్యమైంది, అంతే.

ఆ తర్వాత మెట్లు నిటారుగా లేచాయి. ఊళ్ళోంచి చూస్తే గాలిగోపురం దగ్గర రాత్రంతా వెలిగే పెద్ద తిరునామం, శంఖుచక్రాలు భలే దగ్గరగా ఉంటాయి. మెట్ల మీద నుంచి అడిగితే ఎవరైనా "ఇదో, వచ్చేసింది" అంటారు. దిగివచ్చేవాళ్ళ మాటకు కొలబద్ద లేదు. గాదంకిలో పైన ఎక్కడో ఉన్న గాలి కదలికలను కనిపెట్టే పెద్ద రాడార్ ఉంది. ఆ రాత్రి శేషాచలం వైపు నుంచి వచ్చిన తుఫాను గాలి నా ఊపిరేనని వాళ్ళకు తెలిసి ఉండదు.

నన్ను కుర్రాళ్ళు దాటిపోతే బాధపడలేదు. పసిబిడ్డను చంకనేసుకున్న తండ్రి దాటిపోయినా సర్దుకున్నాను. ఒక పెద్దావిడ మాత్రం ప్రతి మెట్టుకూ వంగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, లేచి, మళ్ళీ వంగి అట్లా ఎక్కుతోంది. ఆమె నన్ను దాటింది. నేను ఆగి ఆయాసం తీర్చుకుని చూస్తే, నా పక్క మెట్టుకు బొట్టుంది, నాకు లేదు.

అక్కడ మొదట సంచీ మా ఆవిడ చేతికి పోయింది. తర్వాత నుదుటి లైటు. గాలిగోపురం ఇంకా కనిపిస్తూ ఉండగానే ముడుపు కూడా. ఇవ్వలేదు నేను. "చెమటకు పసుపు కారిపోతా ఉంది, ఇట్లియ్యండి" అని ఆమే తీసుకుంది. అంతకంటే గౌరవంగా ఎవరి పరువూ ఎవరూ తీసి ఉండరు. గోపురం దాటాక దారి చాలావరకు చదును. ముడుపు వెనక్కి తీసుకుని, జింకల పార్కు పక్కన జింకలు చూస్తాయేమోనని ఛాతీ విరుచుకుని నడిచాను.

ఆ విరుపు మోకాళ్ళ పర్వతం దాకానే. చిన్నపిల్లోడుగా కొండెక్కుతూ తాళ్ళపాక అన్నమయ్య ఇక్కడే సొమ్మసిల్లాడనీ, అమ్మవారు కనిపించి చెప్పులు విడిచి ఎక్కమనిందనీ, ఆయన అక్కడికక్కడే ఆమె మీద శతకం చెప్పాడనీ అంటారు. నేనూ అక్కడే కూలబడ్డాను. కనిపించింది మా ఆవిడ. విడవడానికి చెప్పుల్లేవు. నా నోట శతకం రాలేదు, "సోడా దొరుకుతుందా?" అన్న మాట వచ్చింది. ముడుపు మళ్ళీ చేతులు మారింది.

ఆఖరి మెట్ల పైన మేనల్లుడు ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె చీకటి మాటున ముడుపు నా చేతిలో పెట్టి ఒక అడుగు వెనక్కి తగ్గింది. "కొండ దేవుడు వచ్చేశాడు!" అని వాడు అరిచిన వీడియో బంధువులందరి ఫోన్లలోనూ తిరిగింది. మా అత్త ఫోన్లో అడిగితే, "అంతా ఆయనే ఎక్కినాడమ్మా" అని చెప్పింది మా ఆవిడ. మనిషంటే ఇదిరా అనుకున్నాను, ఆ రాత్రికి.

తెల్లారి నుంచి మొదలైంది. ఊరిబిండికి చెనిక్కాయలు ఒలవమంటే కాదన్నానా, "గాలిగోపురం సంగతి అబ్బోడికి చెప్పేదా?" పక్కింటి పెళ్ళికి రానన్నానా, "మోకాళ్ళ పర్వతం గూడా ఉండాది." ఇంట్లో నా మాట చెల్లుబాటు పూర్తిగా ఆగిపోయింది.

అందుకే ఇదంతా రాస్తున్నాను. నలుగురికీ తెలిసిపోయిన రహస్యంతో ఎవరినీ బెదిరించలేరని నా లెక్క. పంపే ముందు ఆమెకు చదివి వినిపించాను. చెనిక్కాయల చేట నా ముందుకు జరుపుతూ అనింది:

"బాగానే ఉండాది. తలయేరు గుండు కాడ జరిగింది రాయలేదే?"