నేను ఎయిటీఫైవ్‌ని

నేను 85 ఎంఎం లెన్సుని. రాజమండ్రి చుట్టుపక్కల పెళ్లిళ్లు తీసే ఒక ఫోటోగ్రాఫర్ బ్యాగులో ఉంటాను. "ఎయిటీఫైవ్ ఇవ్వరా" అని ఆయన అసిస్టెంటుని అడిగాడంటే ముఖాలు తీసే వేళయిందన్నమాట. మండపాన్నీ, బంధువుల గుంపుల్నీ తీసేది నా పక్క అరలో ఉండే 24 ఎంఎం. పెళ్లికూతురి ముఖం మాత్రం నాకే అప్పగిస్తారు.

కారణం దూరం. నాతో ముఖం తీయాలంటే ఆయన ఇంచుమించు రెండు మీటర్లు వెనక్కి జరగాలి. అక్కణ్ణుంచి చూస్తే ముక్కు, చెవులు, గడ్డం దేని కొలతలో అది ఉంటాయి. 24తో మీద మీదకొచ్చి తీస్తే ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కిపోతాయి. సెల్ఫీ చూసుకుని ముక్కు పెద్దదని దిగులుపడే పిల్లలకి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును. తప్పు ముక్కుది కాదమ్మా, చెయ్యి చాచినంత దూరానిది. గ్రూపు ఫోటోలో చివర నిలబడ్డవాళ్లు సాగినట్టు పడేదీ వెడల్పు లెన్సుల వల్లే. కాస్త లోపలికి జరిగి నిలబడండి.

నాకు నిజంగా బాధ కలిగించేది పౌడరు. చామనఛాయ పిల్లని తెల్లగా చూపించాలని ఆమెది కాని రంగు పూస్తారు. అద్దంలో బాగానే ఉంటుంది. ఫ్లాషు పడేసరికి కొన్ని పౌడర్లలోని సిలికా వెలుగుని తిప్పికొట్టి కళ్ల కింద తెల్లటి మచ్చలు తేలతాయి. ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు. అందుకే పెళ్లికి కొన్నాళ్ల ముందే ఆ మేకప్ వేయించుకుని, ఫ్లాషుతో ఒక ఫోటో తీయించి చూసుకోండి. చామనఛాయ మీద నలుగు పసుపు, కల్యాణతిలకం, బంగారం ఎంత నిండుగా పడతాయో నేను చూస్తూనే ఉన్నాను. ఆ రంగుని కప్పెయ్యొద్దు. మండపానికి ఊదా, గులాబీ లైట్లు పెట్టించేవాళ్లకీ ఇదే మనవి: వధూవరుల ముఖాల మీద మామూలు తెల్లని వెలుగు పడనివ్వండి. ఊదా వెలుగులో తడిసిన చర్మానికి తర్వాత ఎడిటింగ్‌లో అసలు రంగు రప్పించడం చాలా కష్టం.

జీలకర్ర బెల్లం పెట్టించి అడ్డుతెర దించే క్షణం కోసం ఒళ్లంతా కళ్లు చేసుకుని ఉంటాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. కెమెరా ఉందన్న ధ్యాసే ఉండదు. సరిగ్గా అప్పుడే అక్షింతలు వేయడానికి అందరూ లేస్తారు, ఫోన్లు అడ్డమొస్తాయి. ఒక్క పక్క, ఒక మనిషి పట్టేంత దారి వదిలితే చాలు. నా రేకులు 1.8 దాకా తెరిస్తే, రెండు మీటర్ల దూరంలో స్పష్టంగా పడే లోతు ఆరు సెంటీమీటర్లే. మధ్యలో ఒక మోచెయ్యి కదిలినా ఆ చూపు మసకబారుతుంది.

తలంబ్రాలప్పుడు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, అందరి నవ్వులూ బాగుంటాయి. అరుంధతిని చూపించేటప్పుడు ఇంకా బాగుంటాయి. ఆరుబయటికి వస్తారు, తలెత్తుతారు, గడ్డం కింద నీడ పోతుంది, కళ్లలో ఆకాశం మెరుస్తుంది. పగటిపూట చుక్క కనిపించకపోతేనేం? ఏ స్టూడియోలోనూ దొరకని వెలుగు ముఖాల మీద పడుతుంది.

పెళ్లికూతురి అమ్మ గురించి కూడా చెప్పాలి. ఆమె ఫోటోలు ఎక్కువగా పక్కనుంచో, వెనకనుంచో పడతాయి. చేతిలో పళ్లెం, నుదుట చెమట, చూపు వంటవాళ్ల వైపు. కన్యాదానం నాటికే అలిసిపోయి ఉంటుంది. విడిదికి ఎదురు వెళ్లకముందే, చీర మడతలు నలగకముందే, ఆమెని ఒక కిటికీ పక్కన కూర్చోబెట్టండి. కూతుర్ని పక్కన ఉండమనండి. ఒక్క పది నిమిషాలు ఎవరూ వాళ్లని పిలవకండి. ఆ పది నిమిషాలు నాకివ్వమని మా ఫోటోగ్రాఫర్‌కి ముందురోజే చెప్పండి.