‘వాతావరణం అనుకూలించక’: ఒక వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ధర్మసాగర్‌లో మంచు పడదు. ఇనుపరాతి గుట్టల మీద చలికాలం తెల్లవారుజామున కమ్మేది పొగమంచు. అందులో దారి తప్పొచ్చు గాని కాలు దిగబడదు. అయినా తెలంగాణ పిల్లలు భువనగిరి ఏకశిల మీద తాడు పట్టడం నేర్చుకుని హిమాలయాలకు పోతున్నారు. శిఖరం ఎక్కి వస్తే ఫ్లెక్సీలు, శాలువాలు. ఎక్కకుండా వస్తే మాత్రం జిల్లా పేజీలో ఈ మూలం వెలుస్తుంది: “తెల్లవారుజామున శిఖరారోహణకు బయలుదేరిన సాహస బృందం, వాతావరణం అనుకూలించకపోవడంతో, విజయాన్ని తృటిలో చేజార్చుకుని క్షేమంగా వెనుదిరిగింది.” కర్త ఎవరో తెలియదు. కొండ పేరు మారుతుంది, బృందం పేరు మారుతుంది, వాక్యం మారదు. కనుక దీన్ని అపౌరుషేయంగా భావించి వ్యాఖ్యానించడమే మర్యాద.

టీక: ‘బయలుదేరిన’, ‘వెనుదిరిగింది’ సుగమాలు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మన మెదక్ సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఈ మూలంలో ఏమీ లేదు గనుక ఆ నియమం పాటిస్తే వ్యాఖ్య ఇక్కడే ముగియాలి. అయితే ‘తెల్లవారుజామున’ అన్నచోట ఆగక తప్పదు. రాసినవారు దీన్ని బ్రాహ్మీముహూర్తంలా, బృందం క్రమశిక్షణకు విశేషణంగా వాడారు. నిజానికి ఆరోహకులు అర్ధరాత్రి దాటగానే కదిలేది పుణ్యం కోసం కాదు. నిర్మలమైన రాత్రి మంచులోని వేడి ఆకాశంలోకి పోయి, పగలు కరిగిన పొర బిగుసుకుంటుంది. బూటుకు కట్టిన క్రాంపాన్ల ముళ్లు అందులో పట్టు దొరకబుచ్చుకుంటాయి. ఎండెక్కితే అదే మంచు నీరుగారి జారుతుంది, పైన రాళ్లు ఊడతాయి. రాత్రంతా మబ్బు దుప్పటిలా కప్పితే మంచు బిగవనే బిగవదు. కొత్తగా కురిసిన మంచు, గాలి మేటవేసిన మంచు కింది పొరకు అతకకపోతే 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద చరియలై విరుగుతుంది. అంటే కొండెక్కగలమా లేదా అన్నది చాలావరకు ముందు రాత్రే తేలుతుంది. ఆ రాత్రి సంగతే మూలంలో లేదు.

కారణం చెప్పడంలో మన పూర్వులు ఎంత నిక్కచ్చిగా ఉండేవారో చూడండి. తెలుగులో మంచుకొండ ప్రయాణం చెడిన ప్రసిద్ధ సందర్భం పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడిది. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని అరుణాస్పదం నుంచి తిన్నగా హిమాలయానికి దిగాడు. మధ్యలో బేస్ క్యాంపు లేదు, గాలికి అలవాటుపడే రోజులు లేవు. అయినా తిరుగువేళ ఎరిగినవాడు. ఎండకు కాగిన సూర్యకాంత శిలల మీద మంచు చుయ్యిమంటుంటే, ఆ చప్పుడును బట్టే మధ్యాహ్నమైందని గుర్తించి, మిగిలిన వింతలు రేపు చూద్దామనుకున్నాడు. ఇంతకన్నా మంచి పర్వతారోహకుడు మన ప్రబంధాల్లో లేడు! చెడిందల్లా సామగ్రి: పసరు మంచుకు కరిగిపోయింది. పెద్దన ఆ కారణం దాచలేదు. ‘వాతావరణం అనుకూలించక ప్రవరుడు చిక్కుకుపోయెను’ అని ఆయన ప్రెస్‌నోట్ ఇచ్చి ఉంటే వరూధినిని దారి అడగడం ఎందుకో మనకు తెలిసేది కాదు. కథ అక్కడే కూలబడేది. ఇంకా వెనక్కి పోతే మహాప్రస్థానం. ద్రౌపది మొదలు ఒక్కొక్కరే పడిపోతుంటే భీముడు అడుగుతాడు, ధర్మరాజు చెబుతాడు: ఒకరికి పక్షపాతం, ఒకరికి ప్రజ్ఞాగర్వం, ఒకరికి రూపగర్వం, ఒకరికి గొప్పలు, చివరికి అడిగినవాడికి తిండియావ. ఈ కారణాలు మంచుశాస్త్రానికి నిలవకపోవచ్చు. కానీ మనిషికొకటి చొప్పున చెప్పాడు. అంతా కలిపి వాతావరణం నెత్తిన రుద్దలేదు.

పూర్వపక్షం: పత్రికలో చోటు చాలదు, ఒక్క వాక్యంలో ఇంత శాస్త్రమెలా? సమాధానం: ‘రాత్రి మబ్బు పట్టడంతో మంచు బిగవలేదు, వెనక్కి వచ్చారు.’ ఇది మూలం కన్నా పొట్టి. రెండో ఆక్షేపం: కారణాలు చెబితే ఓటమి ఒప్పుకున్నట్టు, చందాలిచ్చినవారు చిన్నబుచ్చుకుంటారు. అసలు చిక్కు ఇక్కడుంది. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కితే ఊరూరా పండగ చేసుకున్నాం, చేసుకోవలసిందే. కానీ ఆ ఏప్రిల్‌లోనే అదే కొండకు నేపాల్ వైపున మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ పనివారు చనిపోయారు. 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్ బాబు 2015 మార్చిలో ఆండీస్‌లో గల్లంతై, విగతజీవిగా దొరికాడు. 2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ దగ్గర ద్రౌపదీ కా దండా మీద శిక్షణలో ఉన్న బృందాన్ని మంచు ముంచెత్తితే పాతిక మందికి పైగా పోయారు. వెనుదిరగడాన్ని ‘చేజారిన విజయం’ అని రాసేవాళ్లం, వచ్చే ఏటి పిల్లలకు ఏం నేర్పుతున్నాం? మంచు బిగవకపోయినా సరే, శాలువా కోసం ఇంకో నాలుగడుగులు వేయమనా?

మూడో ఆక్షేపం: ప్రకృతి ముందు మనిషెంత, వినయంగా ఒక మాట అన్నారు, పోనిద్దురూ. వినయమైతే గౌరవిద్దాం; ఇది బద్ధకం. దేవాదుల ఎత్తిపోతల గోదావరి నీళ్లను ఎత్తున ఉన్న ధర్మసాగర్ జలాశయానికి ఎక్కిస్తుంది. అదీ ఆరోహణే. ఏటిలో మట్టం తగ్గితే పంపులు ఆగుతాయి. అప్పుడు ‘నది అనుకూలించలేదు’ అంటే కింది ఆయకట్టు రైతు ఊరుకుంటాడా? మట్టం ఎంత, పంపులెన్ని, మళ్లీ ఎప్పుడు అని నిలదీస్తాడు. పొలానికి అడిగే లెక్క పిల్లల ప్రాణానికి అడగవద్దా?

తాత్పర్యం: మంచుదేశపు పిల్లవాడు మంచును పెరట్లో చూసి నేర్చుకుంటాడు. బండల దేశంలో పుట్టినవాడికి ముందు వెళ్లొచ్చినవారి మాటే పాఠ్యపుస్తకం. అందుకని వెనుదిరిగి వచ్చిన బృందం ఎన్ని గంటలకు కదిలింది, రాత్రి ఆకాశం ఎలా ఉంది, మంచు ఎంత లోతు దిగబడింది, తిరుగుదామన్న నిర్ణయం ఎవరిది, ఈ నాలుగూ రాయండి. తిరుగుదామన్నవారికి కూడా ఒక శాలువా కప్పండి.