ఏజెంటుగారు ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదండి

విహారనౌకల కంపెనీల దగ్గర ప్రతి కష్టానికీ ఒక నిబంధన సిద్ధంగా ఉంటుంది. తుఫాను వచ్చి రేవు మారితే ఒక నిబంధన, సామాను తప్పిపోతే ఒక ఫారం, జబ్బుచేసి ప్రయాణం మానుకుంటే బీమా. ఏళ్ల తరబడి మన టికెట్లు బుక్ చేస్తూ వచ్చిన ఏజెంటు ఉద్యోగం మానేస్తే ఏం చేయాలో మాత్రం ఏ పేజీలోనూ ఒక్క ముక్క ఉండదు. అలవాటైన నంబరుకు ఫోన్ చేస్తాం, అలవాటైన ఎక్స్‌టెన్షన్ నొక్కుతాం. అటునుంచి కొత్త గొంతు ఒకటి మహా హుషారుగా పలుకుతుంది. పాతాయన సంగతి అడిగితే ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదంటుంది. ఎందుకు మానేశాడు, ఎక్కడ చేరాడు, వాళ్లబ్బాయికి కాలేజీలో సీటు వచ్చిందా, ఏదీ చెప్పరు. చెప్పకూడదట. నవ్వులాటగా కనిపించే ఈ నష్టం నిజమైన నష్టమేనని నా వాదన. ఆయన మంచివాడు కాబట్టి నష్టమనడం లేదు. మంచివాళ్లు లోకంలో ఇంకా ఉన్నారు. ఆయన దగ్గర మన గురించిన ఎరుక ఒకటి పోగై ఉంది. కంపెనీ లెక్కల్లో దానికి ధర లేదు కాబట్టి, పోయిందన్న సంగతి కూడా కంపెనీకి తెలియదు.

ముందు ఈ ఏజెంటు ఎవరో చెప్పాలి. అమెరికాలో విహారనౌకల వ్యాపారానికి రాజధాని మయామీ. కార్నివాల్ కంపెనీని టెడ్ ఆరిసన్ 1972లో అక్కడే మొదలుపెట్టాడు. దాని మొదటి ఓడ 'మార్డీ గ్రా' ఆ ఏడాది మార్చి 11న తొలి ప్రయాణానికి బయల్దేరి, మయామీ రేవు దాటీ దాటకముందే ఇసుక మేటలో కూరుకుపోయింది. జనానికి సర్దిచెప్పే మనుషుల అవసరం ఆ కంపెనీకి పుట్టుకతోనే వచ్చిందన్నమాట. అక్కడ ఈ ఏజెంట్లను 'పర్సనల్ వెకేషన్ ప్లానర్' అంటారు, అలవాటుపడ్డవాళ్లు 'మా పీవీపీ' అంటారు. మిగతా పెద్ద కంపెనీల్లోనూ ఇలాంటివాళ్లే వేరే బిరుదులతో ఉన్నారు. బయటి ట్రావెల్ ఏజెంటులాగా ఈయన నాలుగు కంపెనీల ఓడలు చూపించడు. జీతమిచ్చే కంపెనీ ఓడలే అమ్ముతాడు, అమ్మినదాన్నిబట్టి పైన కొంత కమిషన్. మొదటిసారి మనం ఫోన్ చేసినప్పుడు ఎవరి చేతికి చిక్కితే మామూలుగా వాళ్లే మన ఖాతాకు ఏజెంటు. జాతకాలు చూడరు, అయినా కొన్ని జతలు ఏళ్లకేళ్లు నిలుస్తాయి.

ఆ ఏళ్లలో ఆయన ఏం తెలుసుకుంటాడో చూడండి. బొమ్మలో ఓడ గదులన్నీ ఒకలాగే ఉంటాయి, తెల్లటి దుప్పటి, మడిచిన తువ్వాలు. ఎత్తుగా ఉంటే మంచిదని, ఈతకొలను ఉండే లీడో డెక్‌కు సరిగ్గా కింద గది తీసుకున్నవాడికి తన నెత్తిన ఏముందో తెల్లవారుజామున ఐదింటికి తెలుస్తుంది. రాత్రి నేల కడగడానికి పక్కకు చేర్చిన పడక కుర్చీలను సిబ్బంది మళ్లీ వరసల్లోకి లాగుతుంటారు. ఒక్కో కుర్చీ కర్రుమంటూ గది ఈ మూలనుంచి ఆ మూలకు వెళ్తుంది. కాస్త ఆగుతుంది. అయిపోయిందనుకుని కళ్లు మూసుకోగానే రెండోది బయల్దేరుతుంది. సముద్రం కనిపించే గది చవగ్గా దొరికిందని మురిసిపోయి కిటికీ తెర తీస్తే ఎదురుగా లైఫ్‌బోటు పొట్ట. పక్క గదిలోకి తలుపున్న గది అయితే ఆ సందులోంచి అవతలివాళ్ల కాపురం మొత్తం వినిపిస్తుంది. ఇవేవీ రహస్యాలు కావు, డెక్ ప్లానులో చీమంత గుర్తులుగా ఉంటాయి. మంచి ఏజెంటు ఆ గుర్తుల పక్కన మన ఇంటి మనుషుల్ని నిలబెట్టి చూస్తాడు. అత్తగారికి మోకాళ్లు కాబట్టి లిఫ్టుకు దగ్గర, మామగారికి గురక కాబట్టి పిల్లల గదికి దూరం, ఒకరికి ఓడ ఊగితే కడుపులో తిప్పుతుంది కాబట్టి కింది అంతస్తులో ఓడ నడిమధ్యన. హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో ఉండే తెలుగు కుటుంబాలు మూడు కలిసి గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కుతున్నాయంటే లెక్క ఇంకా చిక్కుపడుతుంది. భోజనాల బల్లలు పక్కపక్కనే కావాలి, ఇద్దరికి శాకాహారం, ఒకరికి ఉల్లీ వెల్లుల్లీ కూడా తగలని శాకాహారం. వీసాల సంగతి ప్రయాణికుడే చూసుకోవాలని కంపెనీ చిన్నక్షరాల్లో రాసి చేతులు దులుపుకుంటుంది. మంచి ఏజెంటు మాత్రం 'ఇండియా నుంచి వచ్చిన మీ నాన్నగారి వీసా ఎన్నిసార్లు రావడానికి ఇచ్చారో చూశారా?' అని ఒక మాట వేస్తాడు. సంకల్పంలో గోత్రం అడక్కుండా అందుకునే ఇంటి పురోహితుడిలాంటివాడు ఆయన. కొత్తాయన వచ్చాడంటే ముత్తాతగారి పేరు దగ్గర్నుంచి మళ్లీ మొదలు.

ఇదంతా వెబ్‌సైటులో ఉంది కదా, మనమే చూసుకోవచ్చు కదా అంటారు కొందరు. విమానాలవాళ్లూ ఇదే అన్నారు. 1995 ఫిబ్రవరిలో డెల్టా సంస్థ దేశంలోపల రానూపోనూ టికెట్టు మీద ఏజెంటు కమిషన్ 50 డాలర్లు దాటకూడదంది. 2002లో అమెరికా పెద్ద విమాన సంస్థలు మామూలుగా ఇచ్చే కమిషన్ మొత్తం ఎత్తేశాయి. కొంప మునిగిందేమీ లేదు. అప్పటినుంచి జీతం లేని గుమాస్తాలమై మన టికెట్లు మనమే కొట్టుకుంటున్నాం. విమానానికి అది చెల్లింది, సీటు ఎంత పాడుదైనా కొన్ని గంటల్లో దిగిపోతాం. ఓడ గదిలో వారం ఉండాలి, అదీ బంధువులతో. 2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన రాయల్ కరీబియన్ వారి 'ఐకాన్ ఆఫ్ ది సీస్'కు 20 అంతస్తులు. నిండా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు, సిబ్బంది వేరే. మన దగ్గర అంత జనం లేని పంచాయతీలు బోలెడు. అంత ఊళ్లో వారం రోజులకు ఇల్లు చూసుకోవడానికి తెర మీద రంగు గళ్లు నొక్కితే చాలనుకోవడం వెబ్‌సైటు తప్పు కాదు, మన ధైర్యం.

పైగా ఆ తెర చెప్పేదెంత, దాచేదెంత? 2024 జూలై దాకా అమెరికాలో విహారనౌకల ప్రకటనల్లో పెద్దక్షరాల ధర ఒకటి, కట్టేటప్పటి ధర ఒకటి. రేవు రుసుములు చివరి పేజీలో వచ్చి కలిసేవి. కాలిఫోర్నియా చట్టం చేస్తే గానీ పెద్ద కంపెనీలు వాటిని ముందే కలిపి చూపించలేదు. అదే ప్రశ్న ఏజెంటును అడిగితే 'అన్నీ కలిపి ఇంత' అని ఒక్క ఊపిరిలో చెప్పేవాడు. ఇంకో సంగతి. డిపాజిట్ కట్టాక ధర తగ్గితే, తుది చెల్లింపు గడువులోగా అడిగినవాళ్లకు చాలా రకాల టికెట్ల మీద ఆ తేడా సర్దుతారు, లేదా ఓడలో ఖర్చుపెట్టుకునే క్రెడిట్‌గా ఇస్తారు. కీలకం అడగడంలో ఉంది. ధర పెరగబోతోందని రోజుకు రెండు మెయిళ్లు పంపే వెబ్‌సైటు, ధర తగ్గిందని మాత్రం మొహమాటపడి ఊరుకుంటుంది.

అన్నిటికంటే చిత్రమైనది 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం. గ్రోవర్ క్లీవ్‌లాండ్ అధ్యక్షుడిగా ఉండగా చేసినది, ఇప్పటికీ బతికే ఉంది. దాని ప్రకారం విదేశీ జెండా ఓడ ప్రయాణికుణ్ణి ఒక అమెరికా రేవులో ఎక్కించుకుని, దూరదేశపు రేవు ఏదీ తాకకుండా, ఇంకో అమెరికా రేవులో దించకూడదు. పెద్ద విహారనౌకలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి విదేశీ జెండాలవే. లాస్ ఏంజెలెస్ నుంచి వాంకూవర్‌కు ఒక ప్రయాణం, అదే ఓడలో వాంకూవర్ నుంచి అలాస్కాలోని విట్టియర్‌కు ఇంకొకటి అనుకుందాం. విడివిడిగా రెండూ సక్రమమే. ఒకే మనిషి ఒకదాని వెనక ఒకటి రెండూ చేస్తే చట్టవిరుద్ధం, ఎందుకంటే ఈ చట్టం లెక్కలో వాంకూవర్ విదేశమే కానీ దూరదేశం కాదు. జరిమానా తలకు వందల డాలర్లు. రెండు టికెట్లూ వేర్వేరుగా కొంటుంటే తెరకు అనుమానం రావాలని లేదు. ఫోను పట్టుకున్న పాత ఏజెంటు మాత్రం 'అదే ఓడా?' అని అడుగుతాడు. ఆ రెండు మాటలకే ఆయనకు జీతమివ్వవచ్చు.

సరే, వెబ్‌సైటు మూగది, మాట్లాడే చాట్‌బాట్ వచ్చింది కదా అంటారు. వచ్చింది. 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ ఒక తీర్పు చెప్పింది. దగ్గరి బంధువు పోయిన దుఃఖంలో ఉన్న ఒక ప్రయాణికుడికి ఎయిర్ కెనడా చాట్‌బాట్, పూర్తి ధర పెట్టి కొనెయ్యండి, అంత్యక్రియల రాయితీ తర్వాత అడగొచ్చు అని చెప్పింది. తర్వాత అడిగితే కంపెనీ కుదరదంది. కేసు పడ్డాక కంపెనీ వాదన ఏమిటంటే, ఆ చాట్‌బాట్ తనంతట తాను వేరే వ్యక్తిలాంటిదట, దాని మాటలకు అదే బాధ్యురాలట! ట్రైబ్యునల్ ఆ వాదన కొట్టేసి, వడ్డీ ఖర్చులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు కట్టించింది. మన ఏజెంటు కూడా పొరపాటు చేసేవాడే. కానీ మర్నాడు ఉదయం అదే ఎక్స్‌టెన్షన్‌లో దొరికేవాడు, సిగ్గుపడేవాడు, సర్దేవాడు. చాట్‌బాట్‌కు సిగ్గు నేర్పే పని ఇంకా ఎవరూ మొదలుపెట్టినట్టు లేదు.

ఇక గట్టి అభ్యంతరం. కమిషన్ కోసం తియ్యగా మాట్లాడేవాణ్ణి పట్టుకుని ఆత్మబంధువంటారేమిటి? ఇందులో నిజం ఉంది. పక్క కంపెనీ ఓడలో భోజనం బాగుంటుందని ఆయన చచ్చినా చెప్పడు. బాల్కనీ గది అడిగితే సూట్ గురించి ఒక మాట చెవిన వేయకుండా వదలడు. పుట్టినరోజు శుభాకాంక్షలు ఆయన కంప్యూటర్ గుర్తుచేస్తేనే వస్తాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయినా ఒక్క బేరంతో సరిపెట్టుకునేవాడికీ, వచ్చే ఏడూ ఆ పై ఏడూ బేరం కావాలనుకునేవాడికీ తేడా ఉంది. రెండోవాడి స్వార్థానికి చూపు దూరం ఆనుతుంది. ఈసారి సూట్ అంటగట్టి మనల్ని పోగొట్టుకోవడంకంటే, లైఫ్‌బోటు వెనకాల గది వద్దని చెప్పి నిలబెట్టుకోవడమే ఆయనకు లాభం. ఆయన మనసు తెల్లకాగితమని నేననను. ఆయన లాభం మన లాభం కొన్నేళ్లపాటు ఒకే ఓడలో ప్రయాణించాయి, అంతే.

కంపెనీ జవాబు ఇంకా సులువు: కొత్త ఏజెంటును ఇచ్చాంగా, పాతవన్నీ కంప్యూటర్లో రాసి ఉన్నాయిగా. రాసి ఉన్నదేమిటి? పేరు, పుట్టినతేదీ, ఎన్ని రాత్రులు ఓడలో గడిపాం, ఏ గది. మామగారి గురకకు అందులో గడి లేదు. ఉన్నా, పాతాయన దాన్ని తన కాగితం మీద రాసుకుని ఉంటాడు, ఆ కాగితం ఆయనతోనే పోయింది. ఈ ఎరుక విలువ ఎంతో 2020లో తేలింది. కరోనా వల్ల ఆ మార్చి 14న అమెరికా ఆరోగ్య శాఖ ఓడల్ని ఆపేసింది. కొన్ని కంపెనీలు కట్టిన డబ్బు వాపసన్నాయి, లేదంటే తర్వాతి ప్రయాణానికి 125 శాతం క్రెడిట్ అన్నాయి. ఏది తీసుకోవాలో, ఎప్పటిలోగా వాడాలో, రేవు రుసుములు వేరుగా వస్తాయో రావో తెలియక జనం ఫోన్లు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే, మే నెలలో, కార్నివాల్ సంస్థ ఫ్లోరిడాలో 820 ఉద్యోగాలు తీసేసి, మరో 537 మందిని జీతం లేని సెలవు మీద పంపింది. వాళ్లందరూ టికెట్ల ఏజెంట్లు కారు. ఆదాయం లేని కంపెనీకి గత్యంతరం లేదనీ ఒప్పుకోవాలి. కానీ ఆ ఏడాది మన ఖాతా వివరాలన్నీ కంప్యూటర్లో భద్రంగానే ఉన్నాయి, వాటి అర్థం చెప్పే మనిషే లేడు. 2021 జూన్‌లో ఓడలు మళ్లీ కదిలేనాటికి చాలామంది ఎక్స్‌టెన్షన్లలో కొత్త గొంతులు.

తప్పంతా కంపెనీదేనా అంటే, అదీ కాదు. గంటసేపు ఏజెంటుతో మాట్లాడి, సందేహాలన్నీ తీర్చుకుని, ఫోన్ పెట్టేసి వెబ్‌సైటులో కొనుక్కునే మహానుభావులు మనలో తక్కువేం లేరు. ఆ గంటకు ఆయనకు ముట్టేది నిల్. అలాంటి గంటలు ఎక్కువైతే ఏ ఏజెంటైనా ఇళ్లు అమ్ముకునే వ్యాపారంలోకో బీమా కంపెనీలోకో మారిపోతాడు. ఆ పాపంలో మనకూ వాటా ఉంది.

కాబట్టి పాఠకులకు నేను చెప్పేది ఒక్కటే. మళ్లీ మనసు పెట్టుకోదలిస్తే కంపెనీ కుర్చీలో కూర్చున్నవాడి మీద కాకుండా, సొంతంగా వ్యాపారం చేసుకునే ట్రావెల్ ఏజెంటు మీద పెట్టుకోండి. ఆయన కమిషన్ కంపెనీయే ఇస్తుంది, చాలామంది మన దగ్గర విడిగా ఏమీ తీసుకోరు. కంపెనీ మారినా మన కాగితం ఆయన సొరుగులోనే ఉంటుంది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులోనూ విహారనౌకల టెర్మినల్ తెరిచారు కాబట్టి, ఈ సలహా అమెరికా తెలుగువాళ్లకు మాత్రమే అనుకోకండి. ఇప్పటికే కంపెనీ దగ్గర నేరుగా బుక్ చేసుకుని, ఏజెంటును పోగొట్టుకుని దిగాలుగా ఉన్నవాళ్లు తమ టికెట్టు నిబంధనలు ఒకసారి చూసుకోండి. పూర్తి డబ్బు కట్టకముందైతే, నిర్ణీత గడువులోగా ఆ బుకింగును బయటి ఏజెంటుకు బదిలీ చేసుకోవడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.