మీరు మీరేనా?

2023 ఆగస్టులో మువ్వన్నెల జెండాను డీపీగా పెట్టుకోండని ప్రధాని అన్నారు. పెట్టుకున్నారు. పెట్టుకోగానే ఎక్స్‌లో క్రికెట్ బోర్డుకీ, కొందరు ముఖ్యమంత్రులకీ (యూపీ యోగి గారు అందులో ఒకరు) పేరు పక్కనుండే గుర్తింపు టిక్కు ఎగిరిపోయింది. దేశభక్తికి ఇదా బహుమానం అని ఒకటే గగ్గోలు.

నేను మాత్రం ఆ టిక్కు పీకిన యంత్రం పక్షం. బొమ్మ మారింది, మనిషి కూడా మారాడేమో, చూసి తేల్చేదాకా గుర్తింపు ఆపుదాం అనుకుంది. రూలు అదే. ట్విటర్ పిట్టను తరిమేసి ఎక్స్ తగిలించుకుని అప్పటికి నెల కూడా తిరగని ఆ కంపెనీ సొంత టిక్కు ఎవరు పీకారో అడక్కండి గానీ, యంత్రం మాత్రం ముఖ్యమంత్రి అని మొహమాటపడలేదు, పైనుంచి ఫోనొస్తుందేమోనని ఆగలేదు. ఇలాంటి ఉద్యోగిని డెప్యుటేషన్ మీద మన అసెంబ్లీలకు తెప్పించాలి.

గేటు దగ్గరే కూర్చోబెడదాం. ఒక ఎమ్మెల్యే వస్తాడు, నిన్న ఒక రంగు కండువా, ఇవాళ ఇంకో రంగు. కీచుమంటుంది: "డీపీ మారింది. మీరు మీరేనా?" అంతే, పేరు వెనక ఎమ్మెల్యే ఊడుతుంది. కారు మీద స్టిక్కర్ ఊడుతుంది. గన్‌మెన్ "ఎవరండీ తమరు?" అంటాడు. ఊళ్లో ఫ్లెక్సీ చూపిస్తే లాభం లేదు. కింద మొహం పాతదే అయినా పైవరస ఫొటోలన్నీ మారాయని పట్టేస్తుంది. "నియోజకవర్గ అభివృద్ధి కోసమేనయ్యా!" అని మొత్తుకున్నా వినదు, దానికి తెలుగు రాదు. మంత్రిగా ప్రమాణం చేయబోతే "దైవసాక్షిగా" దగ్గరే మైకు కట్. పోనీ గుంపుగా వచ్చి, మూడింట రెండొంతులం, ఇది విలీనం అంటే? భిన్నాలూ రావు దానికి. తలకాయలే లెక్కపెడుతుంది. టిక్కు తిరిగి కావాలంటే వేలికి సిరా పూయించుకున్నవాళ్ల దగ్గరికే వెళ్లి తెచ్చుకోమంటుంది.

ఊహ సరే, జరిగింది ఇదీ: 2014లో ఆంధ్రప్రదేశ్‌లో వైకాపా గుర్తు మీద గెలిచినవాళ్లలో 23 మంది తెదేపాలోకి దూకారు. నలుగురు మంత్రులయ్యారు. సభ గడువు తీరిపోయింది, ఒక్కరి మీదా వేటు పడలేదు. 2018లో తెలంగాణలో కాంగ్రెస్ గెలిచిన సీట్లు 19. ఆరు నెలలకే 12 మంది తెరాసలో "విలీనం". ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది 1985లో. స్పీకర్ ఎన్నాళ్లలో తేల్చాలో అందులో రాయలేదు. రాయలేదు కాబట్టి తేల్చరు. ఏ పార్టీకి కుర్చీ దక్కితే ఆ పార్టీ ఫైలు మీద కూర్చుంటుంది, దక్కనిది నీతులు చెబుతుంది.

బొమ్మ మారిస్తే టిక్కు పోయిందని ఏడ్చారే, మా ఓట్లు మోసుకుపోయి ఎదుటివాడి గుమ్మంలో పోసినప్పుడు ఎవరికైనా కన్ను చెమ్మగిల్లిందా? దూకినవాడికి సిగ్గు లేదు, కండువా కప్పి ఫొటో దిగినవాడికి అంతకన్నా లేదు. ఎండలో లైన్లో నిలబడి ఆ సీటు ఇచ్చింది మేం. నీకు నచ్చిన రంగు వేసుకో, మాకేం అభ్యంతరం లేదు. ముందు రాజీనామా పారేసి, మా గడప తొక్కి, మళ్లీ అడుగు.