మూడడుగుల మూడంగుళాల దారి

రైలు పట్టా ముక్కను నేను. ఇంగ్లండు కొలిమిలో పుట్టిన నన్ను ఇంత దూరం రప్పించింది కరువు. 1876లో మొదలైన ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఊడ్చేసింది. కడప, గుత్తి మీదుగా మద్రాసు రైలు అప్పటికే నడుస్తోంది, స్టేషన్ల దాకా గింజలూ వచ్చేవి. అక్కణ్ణుంచి నంద్యాలకో కంభానికో చేరాలంటే ఎద్దుల బండ్లే గతి. గడ్డి లేక ఎద్దులు ముందే చచ్చాయి. బస్తా ఉంది, బండి ఉంది, లాగేది లేదు.

దేశానికి వెంటనే 5,000 మైళ్ల రైలుదారి కావాలని 1880లో కరువు కమిషన్ తేల్చింది. అట్లా పుట్టిన దారుల్లో మాదొకటి: బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే. గుంతకల్లు, డోను, నంద్యాల, నల్లమల దాటి గిద్దలూరు, కంభం, అటు బెజవాడ. ఖర్చు తగ్గాలని మీటర్ గేజి వేశారు. పట్టాకీ పట్టాకీ మధ్య మూడడుగుల మూడంగుళాల చిల్లర. తర్వాత సదరన్ మరాఠా కంపెనీ నడిపింది.

గాజులపల్లె దాటాక అడవిలో, దొరబావి వంతెన మీద నన్ను పరిచారు. పైనుంచి చూస్తే లోయలో చెట్లు కొత్తిమీర కట్టల్లా కనిపించేవి. కిటికీ పక్క చోటు కోసం కొట్లాడినవాళ్లే వంతెన రాగానే కళ్లు మూసుకునేవాళ్లు. గింజలు తెస్తానని వచ్చాను, తెచ్చాను కూడా. కానీ నిండు వ్యాగన్ ఎటు పోతోందో, ఖాళీ వ్యాగన్ ఎటు వస్తోందో పట్టాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? నంద్యాల పత్తి, మార్కాపురం పలకలు, నల్లమల వెదురు, కలప. ఈ ఎండసీమకు వచ్చినదానికంటే ఇక్కణ్ణుంచి పోయిందే ఎక్కువని నా ఒళ్లు చెబుతుంది.

అరిగాక నన్ను సైడింగుకు మార్చారు. అక్కడా చెల్లలేదు. మూరెడు ముక్క కోసి ఒక చిన్న స్టేషన్‌లో గంటగా వేలాడదీశారు. ఇదే నాకు నచ్చిన ఉద్యోగం. పాయింట్స్‌మన్ ఇనుప కడ్డీతో రెండు దెబ్బలు వేస్తే ప్లాట్‌ఫారం మీద మూటలన్నీ లేచి నిలబడేవి.

“బండి యాడుందంట నాయనా?”

“దిగువమెట్ట ఇడిసిందవ్వా, సర్దుకో.”

1992లో యూనిగేజి వచ్చింది. దేశమంతా ఒకే వెడల్పు, 1,676 మిల్లీమీటర్లు. మాది 1,000. తప్పని నేననను. గుంతకల్లులో చిన్న బండి నుంచి పెద్ద బండికి బస్తాలు మార్చే కూలీ, ఆలస్యం, చిరిగిన గోతాల నుంచి రాలిపోయే గింజలు, ఇవన్నీ ఎన్నేళ్లు భరించాలి? పట్టాలను ఎడంగా జరిపితే తీరే పనీ కాదు. మా చిన్న దారి డీజిలు ఇంజను వైడీఎం-4 ఇరుసుకు 12 టన్నులు మోపితే, పెద్ద దారి డబ్ల్యూడీఎం-2 దాదాపు 19 మోపుతుంది. అందుకే కొండల్లో దారినే పక్కకు తిప్పి, దొరబావి వంతెనను అడవికి వదిలేశారు. బండ్లు ఇప్పటికీ నంద్యాల నుంచి గుంటూరు పోతున్నాయి, వంతెన మీదుగా మాత్రం కాదు.

నాకు మండేది ఇంకోచోట. నాలాంటి మీటర్ గేజే నీలగిరి కొండల్లో ఉంది, 2005లో యునెస్కో జాబితాకెక్కింది. అది దొరలను చల్లగాలికి మోసింది. మేం కరువు సీమకు జొన్నలు మోశాం. జొన్నలు మోసినదాన్ని ఏ జాబితాలో రాస్తారు?

కొత్త దారులు రాలేదని కాదు. నంద్యాల నుంచి కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా కడప జిల్లా ఎర్రగుంట్లకు 123 కిలోమీటర్ల లైను 1996–97లో మంజూరైంది. దాని మీద ప్రయాణికుల బండి నడవడానికి 2016 కావాల్సి వచ్చింది. ఆ లెక్కన ధాత కరువునాటి దొరలే నయమనిపిస్తుంది. వాళ్లకు ఆకలి భయం ఉండేది మరి, జనానిది కాదు, శిస్తుది.

తుక్కు వేలంలో చేతులు మారి చివరికి ఒక పల్లె బడి వేపచెట్టుకు చేరాను. మూడో పీరియడ్ అయ్యవారు వాచీ చూసుకుంటుంటే, పిల్లలు నన్ను చూస్తుంటారు. ఈ మధ్య కరెంటు గంట బిగించారు. ఎండాకాలం కరెంటు పోయిన రోజున అన్నం గంట మళ్లీ నాదే.